ఫోన్ ఒంటికి ఏ పూత మేలు?

ఫోన్‌ను పౌచ్ లేకుండా వాడదలచుకున్నవారు కొనేముందు రెండు సంగతులను విడివిడిగా చూడాలి: గీత పడటం ఒకటి, పడిన గీత కంటికి కనిపించడం మరొకటి. రోజూ చేతిలో తిరిగే వస్తువుకు గీతలు పడక తప్పదు కనుక, నేను రెండోదానికే ఎక్కువ విలువ ఇస్తాను.

ఫోన్‌కు అసలు శత్రువు తాళంచెవి కాదు, ఇసుక. ఖనిజాల గట్టిదనాన్ని పోల్చడానికి ఫ్రెడరిక్ మోస్ 1812లో రూపొందించిన కొలమానంలో (అంకె పెరిగేకొద్దీ గట్టిదనం ఎక్కువ) క్వార్ట్జ్‌ది 7వ స్థానం. ఇసుకలోనూ వీధి దుమ్ములోనూ పుష్కలంగా ఉండేది ఆ ఖనిజమే. ఫోన్లకు వాడే గాజు మీద సాధారణంగా 6వ స్థాయి దగ్గరే సన్నని గీతలు మొదలవుతాయి. అందుకే జేబులోని తాళంచెవి గాజును ఏమీ చేయలేకపోయినా, దాని పక్కన చేరిన ఇసుక రేణువు గీసేస్తుంది.

అంచుల్లో ఉండే లోహపు ఫ్రేమ్ విషయంలో పోటీ ప్రధానంగా అల్యూమినియం, స్టీలు, టైటానియంల మధ్యనే. అల్యూమినియానికి చేసే ఆనోడైజింగ్ పెయింటు కాదు. లోహాన్ని ఆమ్ల ద్రావణంలో ఉంచి విద్యుత్తు పంపితే దాని పైపొరే ఆక్సిజన్‌తో కలిసి ఆక్సైడ్‌గా మారుతుంది. అందులోని సూక్ష్మ రంధ్రాల్లోకి రంగు ఎక్కించి, ఆ తర్వాత వాటిని మూసివేస్తారు. ఆ ఆక్సైడ్ చాలా గట్టిది, కానీ పలుచనిది, పైగా దాని కిందనున్న లోహం మెత్తనిది. పదునైన అంచుల దగ్గర ఆ పొర సరిగా నిలవదు కాబట్టి అక్కడే ముందుగా పెచ్చులు ఊడి, తెల్లని లోహం బయటపడుతుంది. 2012లో నల్లని ఐఫోన్ 5 విషయంలో వచ్చిన ఫిర్యాదు ఇదే. 2025లో ఆపిల్ ప్రో నమూనాలను టైటానియం నుంచి అల్యూమినియానికి మార్చినప్పుడు, ముదురు నీలం ఐఫోన్ 17 ప్రో కెమెరా గట్టు అంచుల గురించి మళ్లీ అదే మాట వినిపించింది. వెండి రంగు ఫోన్‌కూ ఇలాంటి దెబ్బలే తగులుతాయి, కాకపోతే లోపలి లోహం, పైరంగు దాదాపు ఒకటే కావడం వల్ల అవి కంటికి ఆనవు. అల్యూమినియం ఫోన్ కొనేవారు ముదురు రంగులను వదిలేయడం మంచిదని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

స్టీలు, టైటానియం ఫ్రేములకు సాధారణంగా శూన్య గదిలో ఆవిరి రూపంలో గట్టి పూతను అతికిస్తారు. ఈ పూత అల్యూమినియం మీది రంగుకన్నా ఎక్కువకాలం నిలుస్తుంది, కింది లోహం కూడా గట్టిదే కావడంతో సొట్టలు తక్కువ. అయితే అద్దంలా మెరిసే స్టీలు ఫ్రేమ్, కొంతకాలం తోమిన స్టీలు పళ్లెంలాగే, వెంట్రుకంత గీతలతో నిండిపోతుంది. మెరుపు లేని టైటానియం, అందులోనూ సహజ లోహపు రంగుది, ఈ మూడింటిలో మేలైనది. చేతి జిడ్డు వల్ల దాని రంగు కాసేపు మారినట్టు కనిపించినా, తుడిస్తే పోతుంది.

వెనుక భాగానికి వస్తే, నిగనిగలాడే గాజుకన్నా మసక గాజు నయం. ఆమ్లంతో గరుకు చేసిన ఆ ఉపరితలం వెలుతురును చెదరగొట్టడం వల్ల చిన్న గీతలు, వేలిముద్రలు కలిసిపోతాయి. కిందపడితే పగిలే ప్రమాదం మాత్రం రెండింటికీ ఉంది. 2016లో షావోమీ మి మిక్స్ ఫోన్‌కు వాడిన సెరామిక్ (పింగాణీ లాంటి పదార్థం) గీతలను అన్నింటికన్నా బాగా తట్టుకుంటుంది, కానీ అది బరువు, ఖరీదు. కృత్రిమ తోలు చేతికి మంచి పట్టు ఇస్తుంది, పగలదు. అయితే చెమట, ఉక్కపోత ఎక్కువగా ఉండే ఊళ్లలో దాని పాలియూరిథేన్ (ఒక రకం ప్లాస్టిక్) పొర అంచుల దగ్గర లేచిపోవచ్చు.

తక్కువ ధరలో చూసేవారు ప్లాస్టిక్‌ను చిన్నచూపు చూడనక్కర్లేదు. 2011 నాటి నోకియా లూమియా 800లో పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్ దేహానికి రంగు పైపూతగా కాక పదార్థమంతటా కలిసి ఉండేది. గీత పడినా లోపల కనిపించేది అదే రంగు. నేడు చవక ఫోన్లలో చాలావాటికి పారదర్శక ప్లాస్టిక్ వెనుక రంగు పొరను అతికించి గాజులా మెరిపిస్తున్నారు. అలాంటి మెరుపు కొద్ది వారాల్లోనే గీతలమయమవుతుంది కనుక, అదే ధరలో మసకగా, లేత రంగులో ఉన్న ప్లాస్టిక్ ఫోన్ దొరికితే దాన్నే తీసుకోవాలి.