14 రోజుల గ్యారంటీ అన్నారని మా చిన్నిని పంపాను, మీరు పంపకండి

కుక్కల ట్రైనింగ్‌కి కట్టిన రూ.18,000 పోయాయి. అవి పోతే పోయాయి, ఇప్పుడు ఎవరైనా చీపురు పట్టుకుంటే చాలు, మా కుక్క చిన్ని మంచం కిందికి దూరి అక్కడే పాస్ పోసేసుకుంటోంది. కుక్క ఇంట్లో పాడుచేస్తోందని ట్రైనర్ కోసం వెతుకుతున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఇది ఒకసారి చదవండి.

చిన్ని ఆడ స్పిట్జ్, నాలుగేళ్లది. మనలో చాలామంది పామరేనియన్ అనేస్తుంటారే, ఆ కుక్క. మాది నిజాంపేటలో మూడో అంతస్తు ఫ్లాట్. పిల్లగా ఉన్నప్పుడే దానికి అలవాటు చేశాం. రోజుకు నాలుగుసార్లు కిందికి తీసుకెళ్తే ఇంట్లో ఒక్క చుక్క పోసేది కాదు. అలాంటిది మొన్న వానాకాలంలో ఉన్నట్టుండి మొదలుపెట్టింది. హాల్లో, వంటింటి గుమ్మం దగ్గర, ఒకరోజు ఏకంగా అత్తయ్య పూజగది ముందు. ఆ రోజు మా ఇంట్లో ఏ స్థాయిలో గొడవ అయిందో చెప్పక్కర్లేదు. వానలకి బయట సరిగ్గా తిప్పడం లేదు కదా, అలిగిందేమో, పొగరు పట్టిందేమో అని మాకు తోచింది మేం అనుకున్నాం.

అప్పుడే ఫోన్‌లో ఒక ప్రకటన కనబడింది. "14 రోజులు మా దగ్గర వదలండి, ఇక జన్మలో ఇంట్లో పోయదు, గ్యారంటీ." ఫోన్ చేస్తే ట్రైనర్ అడిగినవి రెండే ప్రశ్నలు: ఏ జాతి, ఎంత వయసు. మూడో మాట యూపీఐ నంబరు. నేను అక్కడే ఆగాల్సింది. ఎప్పటినుంచి ఇలా చేస్తోంది, ఒకేసారి మడుగు కడుతోందా లేక మాటిమాటికీ కొంచెం కొంచెం పోస్తోందా, నిద్రలో కారుతోందా, నీళ్లు ఎక్కువ తాగుతోందా, ఇంతకుముందు అలవాటు ఉందా? వీటిలో ఒక్కటి కూడా అడగని మనిషి దేనికి గ్యారంటీ ఇస్తున్నట్టు?

కెన్నెల్, అంటే కుక్కల్ని ఉంచుకునే చోటు, ఊరి బయట ఉంది. మధ్యలో చూడ్డానికి వస్తామంటే "ఓనర్ని చూస్తే ట్రైనింగ్ పాడవుతుందండీ" అన్నారు. రోజూ వీడియో పంపుతామన్నవాళ్లు మొత్తం మీద మూడు పంపారు. మూడింటిలోనూ అది పచ్చికలో కూర్చుని ఉంది, అంతే. తిరిగొచ్చేసరికి ఒకటిన్నర కిలో తగ్గింది. మెడ చుట్టూ వెంట్రుకలు ఊడిపోయి గీత పడింది. సాయంత్రం ముద్దు చేద్దామని వంగితే వెల్లకిలా పడిపోయి అలాగే పోసేసింది. అది భయంతో లొంగిపోయి పోయడమట, దానికి తిడితే ఇంకా పెరుగుతుందని తర్వాత తెలిసింది.

అసలు కష్టం ఆ మర్నాడు మొదలైంది. కింద అరగంట తిప్పినా చుక్క పోయదు. పైకి రాగానే సోఫా వెనక్కి వెళ్లి కానిచ్చేస్తుంది. నాకు అర్థం కాలేదు. కెన్నెల్ కుర్రాడికి ఫోన్ చేసి గట్టిగా అడిగితే, ఏమాత్రం దాచకుండా, "ముక్కు అందులో రుద్ది రెండు తగిలిస్తామండీ, అందరూ చేసేది అదే" అన్నాడు. కుక్కకు అర్థమయ్యేది 'ఇంట్లో పోయకూడదు' అని కాదు, 'మనిషి ఎదురుగా పోస్తే దెబ్బలు పడతాయి' అని. అందుకే తాడు పట్టుకుని నేను పక్కన నిలబడితే బిగబట్టుకుని, ఎవరూ లేని చోటు వెతుక్కుంటోంది. ఎప్పుడో పోసిన మడుగు దగ్గరికి ఈడ్చుకెళ్లి కొట్టినా అంతే. దేనికి కొడుతున్నారో దానికి తెలియదు.

ఇది విని వెంటనే పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. మూత్రం పరీక్షలో ఇన్ఫెక్షన్ అని తేలింది. అంటే మంటకి ఆపుకోలేక పోస్తున్న జీవాన్ని డబ్బు కట్టి మరీ కొట్టించాం. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. అలవాటున్న కుక్క హఠాత్తుగా మొదలుపెడితే ఇన్ఫెక్షన్, రాళ్లు, షుగర్, కిడ్నీ ఇవన్నీ చూడాలట. గర్భసంచి తీసిన ఆడకుక్కల్లో కొన్నింటికి నిద్రలో కారుతుందట, దానికీ మందులున్నాయి. పరీక్షకి, మందులకి మాకు అయింది ఆ 18,000లో పదో వంతు కూడా లేదు.

రిపోర్ట్ పంపి డబ్బు వెనక్కి ఇవ్వమంటే "మీ కుక్క మొండిదండీ, సెకండ్ లెవెల్ చేయించండి, 12,000" అన్నారు. కాగితం మీద ఒప్పందం లేదు, వాట్సాప్ మాటలే. అవి, పేమెంట్ స్క్రీన్‌షాట్లు, మెడ ఫోటోలు పెట్టుకుని కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేశాక 6,000 ఇచ్చారు. జంతువుల్ని అలా కొట్టడం 1960 నాటి చట్టం ప్రకారం నేరమే. కానీ మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలట. మిరపకాయ బజ్జీల ప్లేటు ఖరీదు!

ఇన్ఫెక్షన్ తగ్గాక మళ్లీ చిన్నపిల్లలా మొదలుపెట్టాం. లేవగానే, తిన్నాక, ఆడాక, పడుకునేముందు కిందికి. పొడవాటి తాడు కొని, దూరంగా నిలబడి, మొహం అటు తిప్పుకుని ఉంటే ఆరో రోజున మొదటిసారి బయట పోసింది. పోయడం అవగానే, అక్కడే చికెన్ ముక్క. ఇంటికొచ్చాక ఇస్తే అది ఇంటికొచ్చినందుకు అనుకుంటుంది. ఇంట్లో పోసిన చోట ఫినాయిల్ కొడితే మనకి వాసన పోతుంది గానీ దాని ముక్కుకి పోదు. ఎంజైమ్ క్లీనర్ కొని, సీసా మీద రాసినంతసేపు తడిగా ఉంచి తుడిచాం. అమ్మోనియా ఉన్నవి వద్దు, వాటి వాసన దానికి మూత్రంలాగే ఉంటుంది. మూత్రం మీద బ్లీచింగ్ కూడా పోయకండి, ఘాటైన విషవాయువు వస్తుంది.

ట్రైనర్ నిజంగా కావాల్సి వస్తే మీ ఇంటికే వచ్చి, మీ కళ్లముందే నేర్పేవాళ్లని చూసుకోండి. తప్పు చేస్తే ఏం చేస్తారు అని అడగండి. జవాబు నాన్చితే వెళ్లిపోండి.

రెండు నెలలైంది. సోఫా వెనక పోయడం ఆగింది. చీపురు భయం మాత్రం పోలేదు. అత్తయ్య ఇప్పుడు చీపురు బాల్కనీలో దాచి, చిన్ని కిందికి వెళ్లాకే ఇల్లు ఊడుస్తున్నారు.