టెక్సోమాలో స్ట్రైపర్ వేట: పడవ సంగతి తర్వాత, ముందు ఎర తొట్టె చూడండి

ఇండియా నుంచి పెద్దవాళ్లు డల్లాస్ వచ్చినప్పుడు మొదటి రెండు వారాలు ఎలాగో గడిచిపోతాయి. ఫ్రిస్కో హనుమాన్ గుడి, కెనడీని కాల్చిన చోటు, ఫోర్ట్ వర్త్‌లో ఎడ్ల ఊరేగింపు. ఆ తర్వాత ఇక మాల్‌లో బెంచీ మీద కూర్చోబెట్టడమే. మా మామగారు గోదావరి లంకల్లో పుట్టి పెరిగిన మనిషి, బెంచీలు ఆయన ఒంటికి పడవు. అందుకే ఆయన్నీ మా బావమరిదినీ తీసుకుని లేక్ టెక్సోమాకి వెళ్లొచ్చాం, బతికున్న ఎరతో స్ట్రైప్డ్ బాస్ పట్టడానికి. అక్కడ అందరూ స్ట్రైపర్ అనే అంటారు, నేనూ అలాగే రాస్తాను. వెళ్దామనుకునేవాళ్లకి ఉపయోగపడుతుందని, డబ్బు ఎక్కడ పెట్టాలో ఎక్కడ పెట్టక్కర్లేదో కూడా కలిపి చెబుతున్నాను.

డల్లాస్ నుంచి హైవే 75 మీద ఉత్తరానికి గంటన్నర లోపు పోతే డెనిసన్ ఊరు. అక్కడ రెడ్ రివర్‌కి అడ్డంగా 1944లో పూర్తయిన డ్యామ్ వెనకాల నిలిచిన నీళ్లే ఈ చెరువు. చెరువు అంటున్నానే గానీ దాదాపు 89 వేల ఎకరాలు. టెక్సస్, ఓక్లహోమా రెండూ పంచుకున్నాయి, ఎక్కువ భాగం ఓక్లహోమా వైపే ఉంటుంది.

స్ట్రైపర్ అసలు ఈ ఊరి చేప కాదు. అట్లాంటిక్ తీరంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదులకి ఎదురెక్కే జాతి. 1960ల్లో ఓక్లహోమా వాళ్లు పిల్లల్ని తెచ్చి ఇందులో వదిలారు. ఇలా చాలా చెరువుల్లో వదిలారు కానీ, వాటిల్లో చాలావాటిలో ఏటేటా కొత్త పిల్లల్ని పోస్తూనే ఉండాలి. ఎందుకంటే స్ట్రైపర్ గుడ్డు పొదగడానికి రెండు రోజులు పడుతుంది, అంతసేపూ పారే నీళ్లలో తేలుతూ ఉండాలి. అడుగున బురదలో కూరుకుపోతే చచ్చిపోతుంది. టెక్సోమాకి పైన రెడ్ రివర్, వాషిటా నదులు చాలా దూరం అడ్డూ ఆపూ లేకుండా పారతాయి. పైనెక్కడో ఉప్పు నేలల మీదుగా రావడం వల్ల నీళ్లలో కాస్త ఉప్పదనం కూడా ఉంటుంది. దాంతో స్ట్రైపర్ ఇక్కడ సొంతంగా పిల్లల్ని పెట్టి స్థిరపడిపోయింది. మనిషికి రోజుకి పది చేపలు పట్టుకోనిస్తున్నారంటే కారణం అదే.

ఇక అసలు విషయం. గైడ్ అవసరమా? గైడ్ అంటే తన పడవలో మనల్ని తీసుకెళ్లి చేపలు పట్టించే మనిషి.

ఒడ్డు నుంచి చేపలు పడదామనుకుంటే ఐజెన్‌హవర్ స్టేట్ పార్క్ ఉంది, డ్యామ్ పక్కనే. టెక్సస్ స్టేట్ పార్కుల లోపల ఒడ్డు మీద నించుని పట్టేవాళ్లకి ఫిషింగ్ లైసెన్స్ అక్కర్లేదు, పార్కు టికెట్ ఉంటే చాలు. పిల్లలకి గాలం పట్టుకోవడం నేర్పడానికి బాగుంటుంది. స్ట్రైపర్ మాత్రం ఒడ్డు దగ్గరకి రావడం దాని దయ, మన ప్రాప్తం. డ్యామ్ కింద నదిలో కూడా చాలామంది చేపలు పడతారు, అవి దండిగానే ఉంటాయి. కాకపోతే కరెంటు కోసం నీళ్లు వదిలితే మట్టం చకచకా పెరిగిపోతుంది, పెద్దవాళ్లతో చిన్నపిల్లలతో ఆ రాళ్ల మీదకి దిగమని నేను చెప్పను. పడవ అద్దెకి తీసుకుని మనమే వెళ్దామంటే, పడవ దొరుకుతుంది, ఎర దొరకదు. సమస్యంతా అక్కడే ఉంది.

స్ట్రైపర్ తినేది షాడ్ అనే చిన్న చేపని. అది మహా సుకుమారం. మామూలు బకెట్లో వేస్తే కాసేపటికే వెల్లకిలా పడుతుంది. అందుకే బజార్లో కొని తెచ్చుకునే వ్యవహారం కాదు, గైడ్ తెల్లారకముందే లేచి విసురు వలతో పట్టుకోవాల్సిందే. మా గైడ్, అంటే పడవ కెప్టెన్, మమ్మల్ని చీకటి ఉండగానే రమ్మన్నాడు. సాధారణంగా వాళ్లే ముందుగా ఎర పట్టేసి ఉంచుతారు, పెద్దాయన చూస్తానన్నాడని మేం అడిగితే ఒప్పుకున్నాడు.

లోతు లేని ఒక మూలకి పడవ తీసుకెళ్లి వల విసిరాడు. మా మామగారు చేతులు కట్టుకుని పరీక్ష పెట్టే మేష్టారిలా చూశారు. మొదటిసారి వల పూర్తిగా విచ్చుకోలేదు. "భుజం తిరగలేదండీ" అన్నారు నెమ్మదిగా. రెండోది గుండ్రంగా పడింది. తల ఊపారు. పైకి లాగేసరికి వల నిండా వెండి నాణేల్లా మెరుస్తూ షాడ్. ఆయన ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుని ఫోన్ లైటు వేయమన్నారు. వెన్ను మీది రెక్క చివర ఒక పోగు దారంలా తోక వైపుకి సాగి ఉంది. వేలితో పొట్ట కింద వెనక నుంచి ముందుకి గీరారు, రంపం పళ్లలాగా గరగరమంది.

"ఇది మన పులస చుట్టమేనండీ అల్లుడుగారూ! పొట్ట కింద రంపం చూశారా? దీన్ని పట్టుకుని ఇంకో చేపకి ఎర వేస్తారా వీళ్లు?"

ఆయన అన్నది నిజమే, పులస కూడా షాడ్‌ల జాతిదే. పుస్తెలమ్మి తినాల్సిన వంశానికి ఇక్కడ పట్టిన గతి చూసి ఆయన చాలాసేపు తేరుకోలేదు.

పట్టిన షాడ్‌ని తొట్టెలో వేశారు. గైడ్‌ని ఎంచుకునేటప్పుడు మీరు అడగాల్సింది ఈ తొట్టె గురించే. గుండ్రటి తొట్టె ఉండాలి, పంపుతో నీళ్లు ఎప్పుడూ తిరుగుతుండాలి. మూలలున్న పెట్టెలో వేస్తే షాడ్ మూలల్లోకి దూరి గోడకి ముక్కు కొట్టుకుంటుంది. ముక్కులు ఎర్రబడ్డ ఎర చూశారంటే అది సగం చచ్చినట్టే. నీళ్లలో కాస్త ఉప్పు కలుపుతారు, ఎండాకాలంలో చల్లగా కూడా ఉంచాలి. ఇంతకుముందు ఒకసారి స్నేహితులతో వేరే గైడ్ దగ్గరకి వెళ్లాం, పేరెందుకులెండి. పడవ కొత్తది, సీట్లు సోఫాల్లా ఉన్నాయి, పాటలకి స్పీకర్లు. ఎర మాత్రం ఐస్ పెట్టె లాంటి చదరపు డబ్బాలో ఉంది. ఎండ ఎక్కేసరికి సగం పైకి తేలింది. చచ్చిన షాడ్ గాలానికి వేలాడుతుంటే స్ట్రైపర్‌లు కింద నుంచి చూసి వెళ్లిపోవడం సోనార్ (నీళ్ల కింద చేపల్ని చూపించే యంత్రం) తెర మీద కనపడుతూనే ఉంది. డబ్బు మాత్రం పూర్తిగా తీసుకున్నాడు.

ఈసారి కెప్టెన్ పడవ పాతది, సీటు చిరిగి టేపు వేసి ఉంది. తొట్టె మాత్రం తళతళలాడుతోంది. షాడ్ అంతా ఒకే వైపుకి తిరుగుతూ ఈదుతోంది. అది చూడగానే నాకు ధైర్యం వచ్చింది.

వేట పద్ధతి చెప్పడానికి చాలా తేలిక. దారానికి సీసం గుండు, దాని కింద రెండు మూడు అడుగుల సన్నదారం, చివర సర్కిల్ హుక్. షాడ్ ముక్కు రంధ్రాల్లోంచి గాలం దూర్చి వదులుతారు, అలాగైతే అది హాయిగా ఈదుతుంది. గుండు అడుగుకి తగిలేదాకా వదిలి, రీలు రెండు చుట్లు పైకి తిప్పి, కర్రని పడవ అంచున ఉన్న గొట్టంలో పెట్టేయాలి. స్ట్రైపర్ ఎరని కింద నుంచి పైకి చూసి కొడుతుంది కాబట్టి, ఎర చేప కంటే కాస్త పైనే ఉండాలి. చేపలు అడుగున కాకుండా పైన తిరుగుతుంటే కెప్టెన్ సోనార్ చూస్తూ లోతు చెబుతాడు, మనం అంతే లోతుకి దించాలి.

కష్టమంతా చేతులు కట్టేసుకోవడంలో ఉంది. సర్కిల్ హుక్ మొన లోపలికి వంగి ఉంటుంది. చేప ఎర మింగి పక్కకి తిరిగి వెళ్లేటప్పుడు అదే జారుకుంటూ వచ్చి నోటి మూల గుచ్చుకుంటుంది. మనం ఎగలాగితే నోట్లోంచి ఊడి వచ్చేస్తుంది. అరవయ్యేళ్లుగా కర్ర కదిలితే ఎగలాగడమే అలవాటైన మనిషికి ఇది చెప్పడం ఎలా? కర్ర కొస టకటకమంది. మామగారు అందుకుని ఒక్క ఊపు ఊపారు. ఖాళీ గాలం పైకొచ్చింది. కెప్టెన్ నవ్వుతూ చేతులు వెనక్కి కట్టుకుని చూపించాడు. ఇంకోటి. మళ్లీ ఊపు, మళ్లీ ఖాళీ. "వేళ్లు ఆగట్లేదండీ, నేనేం చెయ్యను" అన్నారు. చివరికి మా బావమరిది "నాన్నా, కర్ర నీళ్లకి తగిలేదాకా ముట్టుకోకు" అని ఆయన రెండు చేతులూ పట్టుకుని కూర్చున్నాడు. ఆ కర్ర నిజంగానే వంగి కొస నీళ్లలో మునిగింది, అప్పుడు చేతులు వదిలాడు. రీలు కిర్రుమంటూ దారం వదిలేస్తోంది. ఆయన లుంగీ ఎగ్గట్టుకున్న భంగిమలో (వేసుకుంది ప్యాంటే) కాళ్లు రెండూ తన్నిపెట్టి నించున్నారు. చేప మొదట లోతుకి పోతుంది, పడవ దాకా వచ్చాక మనల్ని చూసి మళ్లీ పోతుంది. పైకి వచ్చాక చూస్తే వెండి ఒంటి మీద మొప్పల నుంచి తోక దాకా గీతల పుస్తకంలా నల్లటి చారలు.

అక్కడి నుంచి కెప్టెన్‌కి ఊపిరి సలపలేదు. మంద కింద ఉన్నంతసేపూ రెండు మూడు కర్రలు ఒకేసారి వంగుతాయి. ఉన్నట్టుండి ఆగిపోతాయి. అప్పుడు ఇంజను వేసి మళ్లీ వెతకాలి. ఇలా ద్వీపాల దగ్గర కొంతసేపు, వాషిటా వైపు కొంతసేపు తిరిగాం.

లెక్కలు ముందే తెలుసుకోండి. మనిషికి పది స్ట్రైపర్‌లు, అందులో 20 అంగుళాలూ ఆ పైనా ఉన్నవి రెండే ఉంచుకోవాలి. ఒకసారి పెట్టెలో వేసిన చేప మీ లెక్కలోకి వచ్చేసినట్టే, తర్వాత పెద్దది పడిందని చిన్నదాన్ని తీసి నీళ్లలో పారేయకూడదు. కాబట్టి మొదటి 20 అంగుళాల చేప రాగానే మురిసిపోకుండా, ఉంచాలా వదలాలా అని అక్కడికక్కడే తేల్చుకోవాలి. లైసెన్సు విషయానికొస్తే, రెండు రాష్ట్రాల నీళ్లలోనూ చెల్లే లేక్ టెక్సోమా లైసెన్స్ విడిగా ఉంది, అదే తీసుకోండి. మామూలు టెక్సస్ లైసెన్స్ టెక్సస్ వైపే పనిచేస్తుంది, చేపల మందకి సరిహద్దు తెలీదు. పదమూడేళ్ల లోపు పిల్లలు పడవ నడుస్తున్నంతసేపూ లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలి.

గైడ్‌లు మామూలుగా పూటకి తలకింత అని తీసుకుంటారు, కనీసం ఇంతమంది ఉండాలనో, లేకపోతే అంత డబ్బు ఇవ్వాలనో పెడతారు. ఇద్దరే వెళ్తే బరువు, నలుగురైతే గిట్టుబాటు. కర్రలు, ఎర, చేపలు కోసిపెట్టడం అందులోనే కలిసి ఉంటాయి. టిప్ 15 నుంచి 20 శాతం ఇవ్వడం ఆనవాయితీ. బుక్ చేసేటప్పుడు రెండు ప్రశ్నలు తప్పనిసరి. పడవలో బాత్రూం ఉందా? చాలా పడవల్లో ఉండదు, ఆడవాళ్లూ షుగర్ ఉన్న పెద్దవాళ్లూ వస్తుంటే ఇది చిన్న విషయం కాదు. గాలి ఎక్కువై రద్దయితే అడ్వాన్సు తిరిగిస్తారా, ఇంకో రోజుకి మారుస్తారా? దక్షిణపు గాలి గట్టిగా వీస్తే ఈ నీళ్లు సముద్రంలా లేస్తాయి. రద్దు చేసే గైడ్ మంచివాడని నమ్మండి.

బస గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. ఫ్రిస్కో, ప్లేనో నుంచైతే తెల్లవారుజామున లేచి వెళ్లిపోవచ్చు, గంట దారి. ఉండాలంటే డెనిసన్‌లో మామూలు హోటళ్లు చాలు, పొద్దున్నే రేవుకి దగ్గర. సరిహద్దు దాటితే డ్యురాంట్‌లో చొక్టా కాసినో హోటల్ ఉంది, గదులు బాగుంటాయి, కానీ రాత్రి అక్కడ దిగినవాళ్లు తెల్లారకముందే లేవడం నేను చూడలేదు. చెరువు ఒడ్డున క్యాబిన్లు ఫోటోల్లో ముచ్చటగా ఉంటాయి. మేం దిగినదాంట్లో వంటగది అన్నారు గానీ కత్తి లేదు, గిన్నె లేదు, ఫ్రీజర్ పనిచేయలేదు. చేపలతో తిరిగొచ్చేవాళ్లకి ఫ్రీజర్ ముఖ్యం, అడిగి నిర్ధారించుకోండి. మధ్యాహ్నం ఖాళీ ఉంటే డెనిసన్‌లో ఐజెన్‌హవర్ పుట్టిన తెల్లటి చిన్న ఇల్లు చూడొచ్చు, అరగంట పని.

ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా బతికున్న ఎరకి మంచి కాలం. జూలై, ఆగస్టుల్లో వెళ్తే పొద్దున్నే ముగించేయండి. ఆ వేడిలో లోతు నుంచి లాగిన చేపని వదిలినా బతకడం కష్టం, అందుకని లెక్క నిండగానే గాలాలు తీసేయడం మర్యాద.

ఇక చివరగా, మనవాళ్లకి మాత్రమే పనికొచ్చే విషయం. ఒడ్డుకి వచ్చాక గైడ్ బల్ల మీద పెట్టి, రెండు పక్కలా ముళ్లు లేని ముక్కలు తీసి, తలా ఎముకా పారేస్తాడు. వాళ్లకి తల చెత్త. మామగారు కత్తి పడేలోపే అడ్డం వెళ్లారు. పులుసుకి కావాలంటే "తలతో, ముళ్లతో అడ్డంగా కోసిన ముక్కలు కావాలి, పొలుసు మాత్రం తీసిపెట్టు" అని ముందే చెప్పండి, సంతోషంగా చేస్తారు. ముక్కల్లో పక్కల మధ్యన ఎర్రటి కండ ఒక పట్టీలా ఉంటుంది. నీచు అంతా అందులోనే. వేపుడుకి అది కోసి తీసేయాలి. పులుసుకి ఉంచినా ఫర్వాలేదు, చింతపండు కాస్త చిక్కగా పోయాలి. మా అత్తగారు తలలతో మామిడికాయ వేసి పెట్టారు, మర్నాడు తింటేనే రుచి అని ఆ రాత్రి ఎవర్నీ గిన్నె ముట్టుకోనివ్వలేదు. మామగారు మర్నాడు రెండు ముద్దలు తిని, "కండ గట్టిగా ఉంది, బాగానే ఉంది గానీ, ఆ ఎర చేప నాలుగు తెచ్చుకుని ఉండాల్సింది అల్లుడుగారూ" అన్నారు.