గంటస్తంభం దగ్గర దారాల కొట్టు: మామ్మ బల్లగుడ్డకి జత దొరికింది

విజయనగరంలో మంచి క్రోషా దారం, అంటే కొక్కెం సూదితో లేసు అల్లే దారం, ఎక్కడ దొరుకుతుందని అడిగేవాళ్ల కోసం రాస్తున్నాను. గంటస్తంభం దగ్గర పక్క సందులో బొత్తాలు, జిప్పులు, జాకెట్టు లైనింగులు అమ్మే ఒక చిన్న కొట్టుంది. ముగ్గురు నిలబడితే నాలుగో మనిషి మెట్టు మీద ఆగాల్సిందే. నేను వెళ్లింది మా మామ్మ సగంలో వదిలేసిన బల్లగుడ్డ పట్టుకుని. అనాసపండు డిజైను, 40 నెంబరు తెల్లదారం. ఆమె పోయాక పదకొండేళ్లు ట్రంకుపెట్టెలో ఉండిపోయింది.

మామ్మ పుట్టిల్లు నర్సాపురం పక్క ఊరు. ఆ వైపు లేసు అల్లిక 19వ శతాబ్దంలో మిషనరీల దగ్గర మొదలై ఇళ్లల్లో ఆడవాళ్ల చేతుల మీదుగా ఇంతదూరం వచ్చింది, 2024లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే గుర్తింపు, కూడా తెచ్చుకుంది. చిన్నప్పుడు మామ్మ పువ్వుకి ఇంతని కూలికి అల్లేదట. పెళ్లయి విజయనగరం వచ్చాక మాత్రం మా ఇంటి కోసమే అల్లింది.

నాది ఎడమచేతివాటం. ఇంట్లో అందరూ సూది కుడిచేత్తో పట్టుకోమని నా వెంటపడితే, మామ్మ ఒక్కతే ఏమీ అనకుండా నన్ను పక్కన కాకుండా ఎదురుగా కూర్చోబెట్టుకుంది. అద్దంలో చూసినట్టు, ఆమె కుడిచెయ్యి ఎటు తిరిగితే నా ఎడమచెయ్యి అటు తిరగాలి. అప్పుడు నాకు ఏడేళ్లు. ఆ వేసవి సెలవులంతా గొలుసు కుట్టు తప్ప ఇంకేమీ అల్లనివ్వలేదు. అరుగు ఈ చివర నుంచి ఆ చివర దాకా వచ్చేవరకు అల్లాలి, వచ్చాక ఆమె ఒక్క లాగు లాగి మొత్తం విప్పేసి మళ్లీ ఉండ చుట్టేసేది. మొదటిరోజు వెక్కివెక్కి ఏడ్చాను. "అంత బిగించకే, దారానికి కాస్త ఊపిరాడనీ" అని రోజూ చెప్పేది. విప్పి అల్లీ విప్పి అల్లీ ఆ దారం నూగు లేచి మట్టిరంగుకి తిరిగింది గానీ, సెలవులు అయ్యేసరికి నా గొలుసులో కళ్లన్నీ, అంటే దారపు ముడుల మధ్య కన్నాలన్నీ, ఒక్క సైజుకి వచ్చాయి.

ఇక కొట్టు సంగతి. దారం అడగ్గానే కొట్టాయన డబ్బా తియ్యలేదు, ముందు బల్లగుడ్డ చూపించమన్నారు. వెలుతురులోకి తీసుకెళ్లి మడత విప్పి చూసి, "తెలుపు వద్దమ్మా, పాతది పసుపు తిరిగింది కదా, కొత్త తెలుపు అతికించినట్టు కనబడిపోద్ది" అని మీగడరంగు ఉండ తీసి పక్కన పెట్టారు. నిజంగానే కలిసిపోయింది. మెర్సరైజ్డ్ దారం, అంటే కాస్టిక్ సోడా పట్టించి తీసింది, అందుకే ఆ మెరుపు, ఆ గట్టిదనం. నాలుగు ఉండల లేబుళ్ల మీదా లాట్ నెంబరు, అంటే ఒకే విడతలో రంగు వేసినవని చెప్పే నెంబరు, ఒకటేనా అని నేను అడక్కముందే చూసిచ్చారు. లాట్ మారితే ఒకే రంగులోనూ చిన్న తేడా వస్తుంది, అది గుడ్డ పరిచాకే బయటపడుతుంది. ఉండ 80 రూపాయలు పడింది.

సూదుల విషయంలో నాకు ఇంకా నచ్చింది. అంతకుముందు ఆన్‌లైన్‌లో రంగురంగుల పిడులున్న సెట్టు ఒకటి తెప్పించాను, చూడ్డానికి ముద్దుగా ఉంది, కానీ కొక్కెం లోపల గరుకు, ప్రతి మూడో కుట్టుకీ దారం చీలిపోయేది. ఇక్కడ స్టీలు సూది కొనేముందు చున్నీ మీద గీసి చూసుకోమంటారు, పోగు లేస్తే అది పక్కన పెట్టేసి ఇంకోటి ఇస్తారు. నా 40 నెంబరుకి 1.00 ఎంఎం తీసుకున్నాను. 20 నెంబరు దారం కాస్త లావు, దానికి 1.25 బాగుంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు, పిల్లలకి నేర్పేవాళ్లు 20తోనే మొదలుపెట్టండి, కళ్లు కనబడతాయి.

ఇబ్బందులూ ఉన్నాయి. రంగులు తక్కువ, ఎరుపులో రెండే రకాలు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా కట్టేస్తారు, ఎండలో వెళ్లి నేను ఒకసారి వెనక్కి వచ్చేశాను. బండి పెట్టడానికి చోటు లేదు. దసరా తర్వాత మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, ఆ రోజు మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా జనమే జనం, కొట్టు పని అసలు పెట్టుకోకండి.

పాతది పూర్తి చెయ్యాలనుకుంటే ముక్క వెంట తీసుకెళ్లండి, ఫోన్లో ఫోటో చాలదు, రంగు మారిపోతుంది. నా బల్లగుడ్డ పద్నాలుగు వరసలు ముందుకొచ్చింది. అయ్యాక మామ్మలాగే పల్చటి గంజి పెట్టి, చుట్టూ గుండుసూదులు గుచ్చి ఆరబెడతాను. ఇంకో రెండు ఉండలు పట్టేలా ఉన్నాయి, అదే లాట్‌వి నా పేరు రాయించి పక్కన పెట్టించాను, శనివారం వెళ్లి తెచ్చుకోవాలి.