నాన్న బీపీ మిషన్: ఏడాది పైగా వాడాక

మాది పర్లాకిమిడి. నాన్నకి అరవై దాటాయి. మాత్ర వేసుకుంటున్నా బీపీ ఒకరోజు మామూలుగా, మర్నాడు బాగా ఎక్కువగా వస్తుంటే, ఇంట్లోనే చూసుకుందామని మోచేతికి పైన కట్టే డిజిటల్ మిషన్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. ధర రెండు వేల లోపే.

కొలతకు వంక పెట్టను. బరంపురంలో డాక్టరు గారు తన మిషన్‌తోనూ దీంతోనూ వెంటవెంటనే చూశారు, పెద్దగా తేడా లేదు. పట్టీ సైజు మాత్రం కొనే ముందే చూసుకోండి. చేతికి చిన్నదైతే బీపీ లేనిదే ఎక్కువ చూపిస్తుంది. దండచెయ్యి చుట్టుకొలత టేపుతో కొలిచి, పెట్టె మీది సైజుతో సరిచూడండి.

నాకు నచ్చనిది చప్పుడు. మీట నొక్కగానే బీప్, అయిపోయాక బీప్, ఆపైన గట్టిగా హిందీలో అంకెలు. నాన్న ప్రతిసారీ ఉలిక్కిపడేవారు. మాట ఆపే స్విచ్ వెనక ఉంది, బీప్ ఆపే దారి లేదు. అంతకన్నా ఇబ్బంది బిగింపు. చెయ్యి కాస్త కదిలినా గాలి మళ్లీ ఎక్కించి ఇంకా గట్టిగా పట్టేస్తుంది. అలా రెండోసారి బిగిసినప్పుడు నాన్న పట్టీ లాగి పారేశారు. ముఖమంతా చెమట. "దూలం తియ్యండ్రా" అన్నారు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ రోజు మా ఇంటి కప్పు కూలి, దూలం ఆయన చేతి మీద పడింది. ఇరుగుపొరుగు వాళ్లు వచ్చి తీసేదాకా వాన నీళ్లలోనే ఉన్నారు. చెయ్యి నయమైంది, నిద్ర పోయింది. గాలి విసిరితే చాలు, లేచి కూర్చుంటారు. గుండె దడ, కడుపులో మంట, తలనొప్పి. ఒక డాక్టరు గ్యాస్ అన్నారు, ఇంకొకరు వయసు అన్నారు. తుపాను సంగతి ఎవరూ అడగలేదు.

ఈ మిషన్ వల్ల జరిగిన మేలు ఇక్కడే ఉంది. రీడింగ్ పక్కన ఆ పూట ఏమైందో రెండు ముక్కలు నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టాను: "రాత్రంతా గాలి, నిద్ర లేదు", "టీవీలో వాయుగుండం వార్త". ఇంట్లో చూసుకుంటే 135/85 నుంచి ఎక్కువ కిందే లెక్క. గాలివాన రాత్రుల మర్నాడు 160 పైన, నెమ్మదిగా గడిచిన రోజుల్లో 130 లోపు. బరంపురం డాక్టరు గారు ఆ పేజీలు చూసి మానసిక వైద్యుల దగ్గరికి పంపారు. వాళ్లు పీటీఎస్‌డీ అన్నారు, అంటే పెద్ద ప్రమాదం గడిచిపోయినా దాని భయం మనసునీ ఒంటినీ వదలని జబ్బు.

ప్రమాదంలో ఒళ్లు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు విడుదల చేసి గుండెను ఉరకలెత్తిస్తుంది. ప్రమాదం పోయాక అది సర్దుకోవాలి. ఈ జబ్బులో చిన్న చప్పుడుకే మళ్లీ మొదలవుతుంది. రాత్రి నిద్రలో తగ్గాల్సిన బీపీ, నిద్రే లేకపోతే ఎలా తగ్గుతుంది? 2013లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో, వియత్నాం యుద్ధకాలంలో సైన్యంలో పనిచేసిన 281 జతల మగ కవలలను ఏళ్ల తరబడి గమనించారు. పీటీఎస్‌డీ ఉన్నవాళ్లలో 22.6 శాతం మందికి గుండెజబ్బు వచ్చింది, లేనివాళ్లలో 8.9 శాతం మందికి. కవలల్లో ఒకరికి పీటీఎస్‌డీ ఉండి రెండోవారికి లేని జతల్లోనూ తేడా దాదాపు రెట్టింపు. అంటే దీన్ని వంశం మీదికి, పెంపకం మీదికి తోసేయడానికి లేదు. "ధైర్యంగా ఉండండి బాబాయ్" అని చెప్పేవాళ్లందరికీ ఈ లెక్క చూపించాలనిపిస్తుంది.

బీపీ మాత్ర ఆపలేదు, కౌన్సెలింగ్ తోడైంది. ఇప్పుడు నాన్నే మీట నొక్కుతారు. మధ్యలో మళ్లీ నొక్కితే గాలి దిగిపోతుంది. అది తన చేతిలో ఉందని తెలిశాక పట్టీ లాగడం మానేశారు. ముందు ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోబెట్టి, చెయ్యి బల్ల మీద పెట్టిస్తాను. పొద్దునా సాయంత్రమూ చూస్తే చాలు, గంటగంటకీ చూస్తే అదే టెన్షన్. ఛాతీ నొప్పి వస్తే మాత్రం బెంగ అనుకుని మిషన్ ముందు కూర్చోకండి, ఆసుపత్రికి వెళ్లండి. మనసు బాగోకపోతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఒకటి కోసింది ఆ బీప్‌కి. కంపెనీ వాళ్లు దాన్ని ఆపే వీలు కల్పించాలి.