చాథమ్‌లో హెచ్‌ఎంఎస్ కవలియర్: చూడాల్సినవి, బస, తిండి

లండన్ వెళ్ళిన మనవాళ్ళు యుద్ధనౌక చూడాలనుకుంటే టవర్ బ్రిడ్జి పక్కనున్న హెచ్‌ఎంఎస్ బెల్‌ఫాస్ట్ ఎక్కి వచ్చేస్తారు. అది క్రూయిజర్, చాలా పెద్దది, తప్పకుండా చూడదగ్గదే. కానీ రెండో ప్రపంచయుద్ధంలో సరుకు ఓడలకు కాపలా కాసిన డెస్ట్రాయర్, అంటే చిన్నపాటి వేగమైన యుద్ధనౌక, ఎలా ఉండేదో తెలియాలంటే కెంట్‌లోని చాథమ్ పాత డాక్‌యార్డుకు వెళ్ళాలి. ఆ కాలపు డెస్ట్రాయర్లలో బ్రిటన్‌లో భద్రంగా మిగిలింది ఈ కవలియరే.

సెయింట్ పాంక్రాస్ నుంచి హైస్పీడ్ రైల్లో నలభై నిమిషాలు చాలు. విక్టోరియా నుంచి వచ్చే రైలు నెమ్మదిగా వెళ్తుంది, టికెట్ మాత్రం చవక. తొందర లేకపోతే అదే నయం.

కవలియర్ రెండో నంబరు డ్రైడాక్‌లో (నీళ్ళు తోడేసి ఓడను నిలిపే గొయ్యి) ఉంది. బ్రిటిష్ నౌకాసేనాని నెల్సన్ ఓడ విక్టరీని కట్టింది కూడా ఇక్కడే. లోపలికి వెళ్ళే ముందు డాక్ అంచు వెంట ఒకసారి నడవండి. పొడవు 110 మీటర్లకు పైనే, వెడల్పు పదకొండు మీటర్లు కూడా లేదు. ముందు, వెనుక భాగాలు వెల్డింగ్‌తో, నడుము భాగం బలం కోసం రివెట్లతో కట్టారు. అప్పట్లో అది కొత్త పద్ధతి.

1944 నవంబరులో నౌకాదళంలో చేరిన ఈ ఓడ 1945 ఫిబ్రవరిలో నార్వే తీరం మీద దాడుల్లో పాల్గొంది. అదే నెలలో రష్యా నుంచి తిరిగొస్తున్న ఆర్‌ఏ 64 కాన్వాయ్‌కి సాయంగా దీన్ని పంపారు. ఆ కాన్వాయ్ పడ్డ కష్టాలు చదువుతుంటే గుండె బరువెక్కుతుంది. బయలుదేరిన రోజే బ్లూబెల్ అనే కార్వెట్ (చిన్న కాపలా ఓడ) టార్పెడో తగిలి మునిగింది. సిబ్బందిలో బతికింది ఒక్కరే. తర్వాత తుఫాను ఓడలను చెల్లాచెదురు చేసింది. వెనకబడిన హెన్రీ బేకన్ అనే సరుకు ఓడను జర్మన్ విమానాలు ముంచేశాయి. అందులోని పంతొమ్మిది మంది నార్వే శరణార్థులూ ప్రాణాలతో బయటపడ్డారు. చెదిరిన ఓడలను కూడగట్టి ఇంటికి చేర్చే పనిలో కవలియర్ ఉంది. ‘ఆర్కిటిక్ 1945’ అనే యుద్ధ గౌరవం దానికి దక్కింది అందుకే.

లోపల నావికులు పడుకునే, తినే మెస్‌డెక్‌లో ఎక్కువసేపు ఆగాను. ఊయల పడకలు కట్టే కడ్డీల కింద తల వంచి నడవాలి. రెండు వందలకు దగ్గరగా మనుషులు ఇలాంటి ఇరుకులో, ఎముకలు కొరికే చలిలో, ఓడ ఊగిపోతుంటే ఎలా గడిపారో! ఒక్క మాట గుర్తుంచుకోండి: డెక్ మీది సీక్యాట్ క్షిపణుల లాంచర్ 1960లలో పెట్టింది. 1945లో ఉన్నవి నాలుగు 4.5 అంగుళాల ఫిరంగులు, టార్పెడో గొట్టాలు.

మనకు నేరుగా తగిలే అధ్యాయం తర్వాత వస్తుంది. యుద్ధం ముగిశాక తూర్పుకి వెళ్ళి, ఇండోనేషియాలోని సురబాయ పోరులో తీరం మీదికి గుళ్ళు కురిపించిన ఈ ఓడనే, 1946 ఫిబ్రవరిలో బొంబాయికి పంపారు. నాసిరకం తిండి మీద, జాతి వివక్ష మీద తిరగబడిన రాయల్ ఇండియన్ నేవీ (బ్రిటిష్ పాలనలోని మన నౌకాదళం) కుర్రాళ్ళను అణచడానికి. ఆర్కిటిక్‌లో ఈ నావికులు చూపిన తెగువకు నేను మనస్ఫూర్తిగా దణ్ణం పెడతాను; బొంబాయి సంగతి మాత్రం మింగుడుపడలేదు. అక్కడికి వెళ్ళే తెలుగువాళ్ళు పిల్లలకు ఈ రెండూ చెప్పాలి.

పెద్దవాళ్ళతో వెళ్తే జాగ్రత్త. ఓడలో మెట్లు దాదాపు నిట్టనిలువు నిచ్చెనలే, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు కష్టం. వాళ్ళను డాక్‌యార్డులోనే ఉన్న పావు మైలు పొడవున్న తాళ్ళ కార్ఖానాకి తీసుకెళ్ళండి, దారాలు పేని లావు తాడుగా మారడం చూస్తే వాళ్ళకీ ముచ్చటేస్తుంది. పక్కనే ఉన్న ఒసెలాట్ జలాంతర్గామి ఇంకా ఇరుకు. విశాఖ ఆర్కే బీచ్‌లో కుర్సురా ఎక్కినవాళ్ళకు అలవాటైన అనుభవమే.

బసకి లండన్ కంటే పక్క స్టేషన్ రోచెస్టర్ మేలు. కోట, కేథడ్రల్, హైస్ట్రీట్ అన్నీ నడక దూరంలోనే. మేం దిగిన గెస్ట్‌హౌస్‌లో గది శుభ్రంగా ఉంది, టిఫిన్ వేడివేడిగా పెట్టారు. లిఫ్ట్ లేదని మాత్రం బుకింగ్‌లో చెప్పలేదు, పెట్టెలు మూడో అంతస్తుకి మోసుకున్నాం. ముందే అడిగి కింది గది తీసుకోండి. శాకాహారులు డాక్‌యార్డులో తిండి మీద పెద్దగా ఆశ పెట్టుకోకుండా, హైస్ట్రీట్‌లో ఏదైనా పొట్లం కట్టించుకుని పొద్దున్నే వెళ్తే సాయంత్రం దాకా తీరిగ్గా చూడొచ్చు.