మ్యూట్ బటన్ ఉందని అమ్ముతున్న హెడ్‌సెట్లతో జాగ్రత్త

నల్లగొండలో ఇంటి నుంచే ఆన్‌లైన్ పాఠాలు చెప్పేవారు, ఉద్యోగాలు చేసేవారు, ఇంటర్వ్యూలకు కూర్చునే పిల్లలు దయచేసి ఇది చదవండి. వైరు మధ్యలో బటన్ కనిపించే హెడ్‌సెట్లను "మ్యూట్ ఉంది" అని చెప్పి అంటగడుతున్నారు. వాటిలో చాలావాటికి ఉన్నది మ్యూట్ బటన్ కాదు.

మా చెల్లెలు పదో తరగతి పిల్లలకు ఇంటి నుంచి లెక్కలు చెబుతుంది. క్లాక్ టవర్ దగ్గరి ఒక దుకాణంలో ఆమె కోసం 900 రూపాయలకు హెడ్‌సెట్ కొన్నాం. మ్యూట్ పనిచేస్తుందా అని ప్రత్యేకంగా అడిగాం. ఒక్కసారి నొక్కితే మాట బయటకు పోదని దుకాణదారు హామీ ఇచ్చారు. ఒక సాయంత్రం పాఠం మధ్యలో అమ్మ వచ్చి నాన్న ఆపరేషన్ డబ్బుల సంగతి ఎత్తింది. చెల్లెలు బటన్ నొక్కాకే బదులు చెప్పింది. ఎవరి దగ్గర ఎంత అప్పు తెచ్చామో పిల్లలూ, పక్కనున్న వాళ్ల తల్లిదండ్రులూ అంతా విన్నారు. మర్నాడు ఒక తల్లి ఫోన్ చేసి ఫీజు ముందుగానే ఇస్తానన్నారు. ఆమెది మంచి మనసే. కానీ ఇంటి గుట్టు అలా బయటపడినందుకు చెల్లెలు ఎంత కుంగిపోయిందో నేను చూశాను.

అసలు విషయం ఇది. వైరు చివర 3.5 మిల్లీమీటర్ల పిన్ను ఒక్కటే ఉండి, దాని మీద మూడు నల్ల గీతలుంటే అది ఫోనుకు పనికొచ్చే రకం. అందులో మధ్య బటన్ ఉన్నది కాల్ ఎత్తడానికి, పాట ఆపడానికి. దాన్ని నొక్కి పట్టుకున్నంతసేపే మైకు ఆగుతుంది, వేలు తీయగానే మళ్లీ మొదలవుతుంది. నిజంగా మ్యూట్ ఉన్నవాటిలో సాధారణంగా అటూ ఇటూ జరిపే చిన్న మీట ఉంటుంది, లేదా నొక్కితే అలాగే నిలిచిపోయే బటన్ ఉంటుంది.

కొనేముందు దుకాణంలోనే పరీక్షించండి. ఫోనుకు తగిలించి, వాయిస్ రికార్డర్ పెట్టి మాట్లాడండి. బటన్ నొక్కి వదిలేసి మళ్లీ మాట్లాడి, తర్వాత వినండి. రెండో మాట కూడా వినిపిస్తే అక్కడే తిరిగి ఇచ్చేయండి. సరైన హెడ్‌సెట్ కొన్నా ఇంకో చిక్కు ఉంది: మీటింగ్ ల్యాప్‌టాప్ సొంత మైకును తీసుకుంటుంటే హెడ్‌సెట్ మీట ఎటు జరిపినా లాభం లేదు. సెట్టింగుల్లో ఏ మైకు ఎంచుకుని ఉందో చూసుకోండి. ఏ హెడ్‌సెట్ వాడినా, తెర మీది మైకు గుర్తుపై అడ్డగీత కనిపించాకే ఇంట్లోవాళ్లతో మాట్లాడండి. విండోస్‌లో అయితే మైకు ఆపడానికి జూమ్‌లో Alt+A, గూగుల్ మీట్‌లో Ctrl+D, మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లో Ctrl+Shift+M నొక్కితే చాలు.

బిల్లు మాత్రం వదలకండి. మేము తిరిగి ఇవ్వబోతే "అమ్మిన సరుకు వాపసు తీసుకోం" అన్నారు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపారమే. లేని సదుపాయం ఉందని చెప్పి అమ్మడమూ అంతే. బిల్లు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాం. ఫిర్యాదు నమోదైంది, డబ్బు ఇంకా రావాలి.