బ్యాట్‌మ్యానా, స్పైడర్‌మ్యానా, వండర్ ఉమనా? కొత్త కథల్లో ముందు ఏది కొనాలి

అమెరికాలో కొత్త కామిక్స్ బుధవారం నాడు దుకాణాలకు వస్తాయి. నెల్లూరులోనో ఒంగోలులోనో ఉన్న అభిమానికి ఆ బుధవారంతో పెద్దగా పని లేదు. ట్రంకు రోడ్డు పుస్తకాల షాపుల్లో పోటీ పరీక్షల గైడ్లు గుట్టలుగా ఉంటాయి గానీ, వారం వారం సూపర్‌హీరో సంచికలు తెప్పించి పెట్టే దుకాణం నాకు ఇంతవరకు కనబడలేదు. కావాలంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, లేదా పినాకిని ఎక్కి చెన్నై వెళ్లినప్పుడు వెతుక్కోవాలి. షాపులో నాలుగు పేజీలు తిరగేసి నచ్చితేనే కొనే అవకాశం మనకు లేదు కాబట్టి, ఏది కొనాలన్నది ముందే తేల్చుకోవాలి.

"అన్నా, కొత్తగా మొదలుపెడుతున్నా, ఏది కొనమంటావు?" అని అడిగేవాళ్లలో ఎక్కువమంది సినిమాలు చూసి ఇటు వచ్చినవాళ్లే. బ్యాట్‌మ్యాన్ 1939లో పుట్టాడు, వండర్ ఉమన్ 1941లో, స్పైడర్‌మ్యాన్ 1962లో. అన్నేళ్ల కథ ఎక్కడ అందుకోవాలో తెలియక చాలామంది గుమ్మం దగ్గరే ఆగిపోతారు. అలాంటివాళ్ల కోసమే అన్నట్టు అమెరికా కామిక్స్ సంస్థలు మార్వెల్, డీసీ రెండూ పాత కథలతో లంకె లేని కొత్త ప్రపంచాలు మొదలుపెట్టాయి. మార్వెల్ 'అల్టిమేట్' వరుసలో స్పైడర్‌మ్యాన్ 2024 జనవరిలో వచ్చింది. డీసీ 'అబ్సల్యూట్' వరుస అదే ఏడాది అక్టోబరులో మొదలైంది.

రెండు సంస్థలూ ఒకే సాహసం చేశాయి. ఏది లేకపోతే ఆ హీరోయే లేడని మనం అనుకుంటామో, సరిగ్గా దాన్నే తీసేశాయి. బ్యాట్‌మ్యాన్‌కు ఆస్తి లేదు, స్పైడర్‌మ్యాన్‌కు కుర్రతనం లేదు, వండర్ ఉమన్‌కు పుట్టిన దీవి లేదు. అయితే తీసేయడం ఎవరైనా చేస్తారు. ఆ ఖాళీలో రచయిత ఏమి పెట్టాడన్నది చూసే నేను వీటిని తూకం వేస్తున్నాను.

ముందు 'అబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్'. రచన స్కాట్ స్నైడర్, బొమ్మలు నిక్ డ్రగోటా. ఇందులో బ్యాట్‌మ్యాన్ ముసుగు వెనకున్న బ్రూస్ వేన్ ఇరవై నాలుగేళ్ల ఇంజనీరు, మామూలు పేటలో పెరిగినవాడు. తండ్రి బడిపంతులు. పిల్లలను జంతు ప్రదర్శనశాలకు తీసుకెళ్లిన రోజు జరిగిన కాల్పుల్లో చనిపోతాడు. తల్లి మార్తా మాత్రం బతికే ఉంది. నా దృష్టిలో ఈ పుస్తకానికి ప్రాణం ఆ తల్లే. ఇన్నేళ్లూ బ్యాట్‌మ్యాన్‌ను ఒంటరిగా చూశాం. రాత్రంతా తన్నులు తిని వచ్చినవాడు పొద్దున్నే అమ్మ ముందు ఏమీ జరగనట్టు కూర్చోవలసి రావడం అతనికి కొత్త, మనకూ కొత్త. పాత కథల్లో శత్రువులైన ఓస్వాల్డ్, వేలన్, ఎడ్వర్డ్, హార్వీ ఇక్కడ అతని చిన్ననాటి స్నేహితులు. వాళ్లతో కూర్చుని మాట్లాడే ప్రతి పేజీలోనూ రేపు వీళ్లు ఏమైపోతారో అన్న దిగులు మనల్ని వెంటాడుతుంది. పాత సేవకుడు ఆల్ఫ్రెడ్ ఇక్కడ గూఢచారి, ఇతనిమీదే నిఘా పెడతాడు.

డ్రగోటా గీసిన బ్యాట్‌మ్యాన్ లారీ అంత మనిషి. ఛాతీ మీది గబ్బిలం గుర్తును ఊడబెరికితే గొడ్డలి అవుతుంది. ఆయుధాలు కొనే డబ్బు లేనివాడు ఒంటినే ఆయుధాగారంగా మార్చుకున్నాడన్న సంగతి ఒక్క బొమ్మతో అర్థమవుతుంది. అయితే హింస ఎక్కువ, మొదటి సంచికలోనే రక్తం చిందుతుంది. ఎనిమిదో తరగతి పిల్లవాడికి కొనిపెడదామనుకునే తల్లిదండ్రులకు ఇది వద్దనే చెబుతాను.

'అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్' దీనికి పూర్తిగా ఎదురు దారి. రచన జొనాథన్ హిక్‌మన్, బొమ్మలు ప్రధానంగా మార్కో చెక్కెట్టో. ఒక దుర్మార్గుడు గతంలోకి వెళ్లి హీరోలెవరూ తయారు కాకుండా చేసిన ప్రపంచం అది. స్పైడర్‌మ్యాన్ కావలసిన పీటర్ పార్కర్‌ను కుట్టి శక్తులివ్వవలసిన సాలీడు అప్పట్లో కుట్టలేదు. అందుకని అతను మామూలు మనిషిగా పెరిగి, మేరీ జేన్‌ను పెళ్లి చేసుకుని, ఇద్దరు పిల్లల తండ్రై, ముప్పై దాటాక ఆ సాలీడు అతని చేతికి వస్తుంది. కావాలంటే తీసుకోవచ్చు, వద్దంటే వదిలేయవచ్చు. కుర్రవాడికి శక్తులు వచ్చిపడటం వేరు, ఇల్లూ ఉద్యోగమూ ఉన్న మనిషి తెలిసి తెలిసి వాటిని కోరుకోవడం వేరు. అందులోనూ బెన్ మామయ్య చనిపోలేదు, ఇక్కడ పోయింది మే అత్తయ్య. బాధ్యత గురించి పాత కథల్లో బెన్ చావు నేర్పిన పాఠం లేకుండా పీటర్ ఎలాంటి మనిషవుతాడన్నది ఈ కథ ఓపికగా చూపిస్తుంది.

2002లో తెరమీద మొదటిసారి స్పైడర్‌మ్యాన్‌ను చూసిన పిల్లలు ఇప్పుడు ఈ పీటర్ వయసువాళ్లు. కృష్ణపట్నం పోర్టులో ఉద్యోగం చేస్తూ, పిల్లల ఫీజులు లెక్కేసుకుంటూ, రాత్రిపూట కాసేపు కామిక్స్ చదువుకునే స్నేహితులు నాకున్నారు. వాళ్లకు నేను మరో మాట లేకుండా ఇదే చేతిలో పెడతాను. సంచికకూ సంచికకూ మధ్య మనకు నెల గడిస్తే కథలోనూ సుమారు నెల గడుస్తుంది. అందువల్ల ఆ ఇల్లు నిజంగా ఎక్కడో ఉన్నట్టే అనిపిస్తుంది. లోటు కూడా చెప్పాలి. పోరాటాలు తక్కువ, మాటలు ఎక్కువ, మధ్య సంచికల్లో కథ నత్తనడక నడుస్తుంది. సినిమా వేగం కోరుకునేవారు విసుగుపడతారు. ఈ అల్టిమేట్ వరుసను 2026తో ముగిస్తున్నట్టు మార్వెల్ ముందే ప్రకటించింది. కొనేవారికి ఇది లాభమే, ఎప్పటికీ తెగని కథకు డబ్బు పోస్తున్నామన్న బెంగ ఉండదు.

ఈ రెండింటిలోనే తేల్చమంటే పెళ్లయినవారికి స్పైడర్‌మ్యాన్, కాలేజీ కుర్రవాళ్లకు బ్యాట్‌మ్యాన్ అంటాను. కానీ ఒక్క పుస్తకానికే డబ్బుంది, ఏది కొనమంటావని అడిగితే ఈ రెండూ పక్కన పెట్టి 'అబ్సల్యూట్ వండర్ ఉమన్' కొనమంటాను.

రచన కెల్లీ థాంప్సన్, బొమ్మలు హేడెన్ షెర్మన్. 2025లో ఉత్తమ కొత్త సిరీస్‌గా ఐస్నర్ పురస్కారం, అమెరికా కామిక్స్‌లో పెద్ద గౌరవం, దీనికే దక్కింది. వండర్ ఉమన్ అసలు పేరు డయానా. ఆమెను తల్లి దగ్గరనుంచి, తన జాతినుంచి విడదీసి పసిబిడ్డగా ఉన్నప్పుడే నరకంలో పడేస్తారు. పెంచే బాధ్యత మంత్రగత్తె సర్సీ మీద పడుతుంది. మొదట ఆ బిడ్డ ఆమెకు అక్కరలేదు. ఆ అక్కరలేనితనం కరిగి, మెల్లమెల్లగా అమ్మతనంగా మారే పేజీలే ఈ పుస్తకంలో అన్నిటికంటే గొప్పవి. నరకంలో పెరిగిన పిల్ల కసితో, పగతో రగిలిపోతూ బయటికి వస్తుందని అనుకుంటాం. ఈ డయానా దయతో వస్తుంది. పెద్ద కత్తి చేతబట్టి, ఎముకలగూడైన రెక్కల గుర్రమెక్కి వచ్చినా, ఎదుటివాడిని చంపకుండా గెలిచే దారి ఉందా అని ముందు వెతుకుతుంది. తీసేసిన చోట ఏమి పెట్టారన్న నా కొలతకు ఇదే నిండుగా తూగింది. దీవిని తీసేసి పెంచిన తల్లిని ఇచ్చారు. కన్నతల్లికంటే పెంచిన తల్లికి ఎక్కువ చోటిచ్చే కథలు మనకు కొత్త కాదు, దేవకికంటే యశోద గురించే ఎక్కువ పాటలు విన్నవాళ్లం. సర్సీ మన పాఠకులకు ఇట్టే దగ్గరవుతుందని నా నమ్మకం.

ఒంగోలు వైపు, ముఖ్యంగా చీమకుర్తి చుట్టుపక్కల వాళ్లకు మాత్రం ఇంకో మాట చెప్పాలి. జేసన్ ఆరన్ రచన, రఫా సాండొవల్ బొమ్మలతో వచ్చిన 'అబ్సల్యూట్ సూపర్‌మ్యాన్' గనుల కథ. అతను పుట్టిన గ్రహం క్రిప్టాన్‌లో అతని కుటుంబం శ్రామిక వర్గానిది, ఛాతీ మీది గుర్తు కూడా ఆ వర్గానిదే. భూమ్మీద అతను మొదట కనబడేది బ్రెజిల్ గని కార్మికుల మధ్య, వాళ్లను పీల్చి పిప్పిచేసే కంపెనీకి ఎదురుగా. గ్రానైట్ క్వారీల దుమ్ములో పెరిగిన పిల్లలు, సైదాపురం అభ్రకం గనుల గురించి ఇంట్లో విన్నవాళ్లు ఈ సూపర్‌మ్యాన్‌ను అమెరికా పాఠకులకంటే బాగా అర్థం చేసుకుంటారు. కథ ముందుకూ వెనక్కూ దూకుతూ మొదట తికమక పెడుతుంది, అందుకే నా వరుసలో రెండో పుస్తకం. కానీ ఆ క్రిప్టాన్ అధ్యాయాలు వదులుకోకూడనివి.

ఇక ఏ రూపంలో కొనాలి? విడి సంచిక పావుగంటలో అయిపోతుంది, తపాలా ఖర్చుతో కలిపి చూస్తే గిట్టదు. ఆరేడు సంచికలు కలిపిన సంపుటమే మనకు సరైనది. వండర్ ఉమన్ మొదటి సంపుటంలో ఏడు సంచికలున్నాయి, బ్యాట్‌మ్యాన్, స్పైడర్‌మ్యాన్ సంపుటాల్లో ఆరేసి. ఫోనులో చదువుతామంటారా, స్పైడర్‌మ్యాన్‌కు ఇబ్బంది లేదు. మార్వెల్ వాళ్ల సొంత యాప్ మార్వెల్ అన్‌లిమిటెడ్ చందా ఉంటే కొత్త సంచిక అచ్చులో వచ్చిన మూడు నెలలకు అందులో చేరుతుంది. షెర్మన్ బొమ్మలను మాత్రం ఫోనులో చూడకండి. పేజీ మొత్తాన్ని ఒక్క చిత్రంగా ఊహించి గీస్తారు, వేళ్లతో పెద్దది చేసుకుంటూ ముక్కముక్కగా చూస్తే ఆ అందం పోతుంది. డ్రగోటా రెండు పేజీల బొమ్మలకూ ఇదే వర్తిస్తుంది.

ఇవన్నీ ఇంగ్లీషులోనే చదవాలి కనుక భాష సంగతీ చూసుకోండి. తెలుగు మాధ్యమంలో చదివి, ఇంగ్లీషు కూడగట్టుకుని చదివేవారికి హిక్‌మన్ సంభాషణలు కొంచెం భారం. వండర్ ఉమన్‌లో కథను బొమ్మలే చాలాదూరం మోస్తాయి.

వండర్ ఉమన్, ఆ తర్వాత మీ వయసునూ ఊరినీ బట్టి మిగతా ముగ్గురిలో ఒకరు. అవి నచ్చాక డెనిజ్ క్యాంప్ రాసిన, హవియెర్ రోద్రిగెజ్ గీసిన 'అబ్సల్యూట్ మార్షియన్ మ్యాన్‌హంటర్' తెప్పించుకోండి. బాంబు పేలుడులో బతికి బయటపడ్డ ఒక ఎఫ్‌బీఐ అధికారి మనసులో మరో గ్రహం మనిషి చేరతాడు, అప్పటినుంచి అతనికి ఎదుటివాళ్ల ఆలోచనలు రంగులుగా కనబడతాయి. మొదటి పుస్తకంగా ఇది ఎవరికీ ఇవ్వను, మూడోదిగా మాత్రం అందరికీ ఇస్తాను.